మాట ఎవరిది, నవ్వు ఎవరిమీద?

కులం ఈ రోజుల్లో చట్టం ముందు తల దించుకుంటుంది. సభల్లో, ఉపన్యాసాల్లో మొహం చాటేస్తుంది. మాటల్లో మాత్రం కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. ఆ మాటల్లోనూ తిట్టులో కన్నా సామెతలో, పిట్టకథలో, జోకులో దానికి చోటు భద్రం. తిట్టుకు సాక్షులుంటారు, కేసు ఉంటుంది, తిట్టినవాడికి తాను తిట్టానన్న ఎరుకైనా ఉంటుంది. జోకుకు అవేవీ లేవు. నిలదీస్తే ‘ఊరికే సరదాకన్నాను, దానికింత రాద్ధాంతమా?’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ ఒక్క జవాబుతో న్యాయం తలకిందులవుతుంది. అన్నవాడు సరదా మనిషి అవుతాడు, నొచ్చుకున్నవాడు హాస్యం తెలియని మనిషి అవుతాడు.

కుల చర్చ అంటే భూమి, రిజర్వేషన్లు, దాడులు, ఓట్లు మాత్రమేననీ, పోలికలూ జోకులూ కాలక్షేపమనీ అనుకునేవారు చాలామంది ఉన్నారు. భూమి, రిజర్వేషన్ల ప్రశ్నల కంటే ఇది పెద్దదని నేను అనను. అయితే ఆ పెద్ద ప్రశ్నల్లో ఎవరి పక్షం ధర్మంగా కనిపించాలో, ఎవరి పక్షం వెటకారంగా కనిపించాలో ముందుగా తేలేది టీకొట్టు దగ్గర, హాస్టల్ గదిలో, పెళ్లి పందిట్లో. అక్కడ తేలిన తీర్పునే తర్వాత మనం ప్రజాభిప్రాయం అని పిలుస్తాం.

కులవ్యవస్థను సమర్థించేవారు తరతరాలుగా చూపే ఆధారం కూడా ఒక పోలికే. ఋగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తం సమాజాన్ని ఒక శరీరంగా ఊహించింది. నోటి నుంచి ఒకరు, బాహువుల నుంచి ఒకరు, తొడల నుంచి ఒకరు, పాదాల నుంచి ఒకరు. అంబేడ్కర్ 1946లో వెలువరించిన ‘శూద్రులెవరు?’ గ్రంథంలో ఈ సూక్తాన్నే బోనులో నిలబెట్టారు. ఆ శరీరంలో అంటరానివారికి పాదాల చోటు కూడా లేదు. సూక్తం పేరైనా వినని మనిషి నోట కూడా ఆ శరీరం ఇవాళ తెలుగులో బతికే ఉంది. ఎదురు మాట్లాడిన కూలీని చూసి ‘నెత్తికెక్కించుకున్నాం’ అంటారు. కొత్త చొక్కా తొడిగిన కుర్రాణ్ణి చూసి ‘ఒళ్లు బలిసింది’ అంటారు. ‘కాలి చెప్పును కాలి దగ్గరే ఉంచాలి’ అంటారు. ఇవి నిర్ణయాలు. పోలిక వేషంలో ఉన్నాయి కాబట్టి మనకు నిర్ణయాల్లా కనిపించవు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తెలుగు సంభాషణకు రక్తమాంసాలు ఇచ్చింది ఎవరి చేతులు? వాదనలో గెలిచినవాడు ఎదుటివాణ్ణి ‘ఉతికి ఆరేశాడు’. మోసపోయినవాడికి ‘గుండు కొట్టారు’. బుద్ధికి ‘సాన పడతాం’. కథలో సంఘటనలు ‘పడుగూ పేకల్లా’ అల్లుకుంటాయి. విమర్శకు చలించనివాడిది ‘తోలు మందం’. తన గొప్ప తానే చెప్పుకునేవాడిది ‘సొంత డప్పు’. ఎవరి కష్టాన్నో ఎవరో ఒక్క క్షణంలో కూల్చేసినప్పుడు ‘కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు’ అంటాం. రేవు, మగ్గం, సారె, కొలిమి, లంద, డప్పు లేకపోతే మన మాటల్లో ఏం మిగులుతుంది? ఉత్పత్తి కులాల జ్ఞానం వారి పనిలో, వారి భాషలో ఉందని కంచ ఐలయ్య 1996 నాటి ‘నేను హిందువు నెట్లయిత?’ ఆంగ్ల మూలం నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆయనతో ఇతర విషయాల్లో విభేదించేవారు కూడా ఈ మాట కాదనలేరు. పని నుంచి పోలికను తీసుకున్నాం, పని చేసిన మనిషి కులం పేరును తిట్టుగా మార్చాం. డప్పు శబ్దం నుడికారమైంది, డప్పు కొట్టిన మనిషి ఊరి బయటే ఉండిపోయాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ‘సామెతలు అన్ని కులాలమీదా ఉన్నాయి కదా? కరణాన్ని వదిలారా, కోమటిని వదిలారా, బ్రాహ్మణుణ్ణి వదిలారా?’ నిజమే. కెప్టెన్ కార్ అనే ఆంగ్ల సైనికాధికారి 1868లో మద్రాసులో అచ్చు వేయించిన తెలుగు సామెతల సంకలనం తిరగేస్తే దాదాపు ఏ వృత్తీ తప్పించుకోలేదని తెలుస్తుంది. కానీ సామెత ఎవరిమీద ఉంది అన్నదొక్కటే ప్రశ్న కాదు, ఎటు నుంచి ఎటు ప్రయాణించింది అన్నది అసలు ప్రశ్న. కరణంమీద సామెత కింద నుంచి పైకి పోయింది. అడంగల్లో పేరు మారిపోతే దిక్కులేనివాడు చెప్పుకున్న భయం అది. దళితుడిమీద సామెత పై నుంచి కిందికి వచ్చింది. అది కొలతపాత్రలాంటిది. నీకు ఇంత, ఇక్కడివరకు, ఆపైన లేదు అని చెబుతుంది. కరణం జిత్తులమీద ఎన్ని సామెతలున్నా ఆయనకు పట్నంలో ఇల్లు అద్దెకు దొరకడం ఆగలేదు. రెండో రకం సామెత ఇవాళ్టికీ అద్దె ఇంటి గుమ్మం దగ్గర అడ్డం నిలుస్తోంది.

సాహిత్యంలో హాస్యం సంగతి కూడా చూద్దాం. గురజాడ ‘కన్యాశుల్కం’, చిలకమర్తి ‘గణపతి’, మొక్కపాటి ‘బారిష్టరు పార్వతీశం’, పానుగంటి ‘సాక్షి’ వ్యాసాలు, మునిమాణిక్యం కాంతం కథలు మనం హాస్య సంపదగా చెప్పుకునేవి. వీటిలో ఎక్కువ భాగం అగ్రహారం తన ఇంటిని చూసుకుని తాను నవ్వుకున్న నవ్వు. ఆ నవ్వులో తెలివి ఉంది, కొన్నిచోట్ల గొప్ప ఆత్మవిమర్శ ఉంది, దాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. కానీ అదే కాలపు సాహిత్యంలో దళితుడు ఎలా కనిపించాడు? 1922 నాటి ‘మాలపల్లి’ గొప్ప నవలే, తెల్ల ప్రభుత్వం నిషేధించిన నవల. అందులో రామదాసుకు సాధుత్వం ఉంది, సహనం ఉంది, దుఃఖం ఉంది. అతని పల్లెకు సొంత పరిహాసం ఉందన్న స్పృహ మాత్రం అరుదు. సానుభూతిగల రచయితలు కూడా చాలావరకు దళితుడికి కన్నీళ్లు ఇచ్చారు, నవ్వు ఇవ్వలేదు. నవ్వించగలవాడికి తెలివి ఉందని ఒప్పుకోవాలి. ఏడ్చేవాడికి జాలి చూపిస్తే సరిపోతుంది.

పల్లెకు నవ్వు లేకనా? మా వైపు ఒక ఆసామి కూలి గింజలు కొలిచేటప్పుడు మానికలో తన బొటనవేలు పెట్టి కొలిచేవాడు. వేలు పట్టినంత మేర గింజలు తగ్గేవి. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నాట్లు వేసే ఆడవాళ్లు ఆయనకు ‘బొటనేలు’ అని పేరు పెట్టారు. గట్టుమీద ఆయన కనపడగానే ఒకామె ‘బొటనేలు నొప్పిగా ఉందే’ అనేది. పక్కామె ‘తెల్లారేసరికి తగ్గుద్దిలే, మానిక దొరికితే’ అనేది. వరస మొత్తం నీళ్లలోకి ఇంకాస్త వంగి నవ్వుకునేది. గట్టుమీద మనిషికి కూలీలు ఒళ్లు వంచి పనిచేస్తున్నట్టు కనిపించేది. చిన్నప్పుడు మా అమ్మ నోట విన్న ఈ సంగతిని నేను అలంకారశాస్త్ర పాఠంగా ఇప్పటికీ విద్యార్థులకు చెబుతాను. అందులో రూపకం ఉంది, శ్లేష ఉంది, నాటకం ఉంది, లెక్కలో జరిగిన మోసానికి సాక్ష్యం కూడా ఉంది. లేనిదల్లా ఆ జోకును ఆసామి ముఖంమీద వేసే హక్కు.

ఆ హక్కు లేకపోవడం వల్లనే పల్లె తన జవాబును కథల్లో దాచుకుంది. డక్కలివారు పటం విప్పి, చిందువారు యక్షగానం కట్టి చెప్పే జాంబపురాణం అలాంటి జవాబే. అందులో ఆదిజాంబవుడు భూమి పుట్టకముందే పుట్టినవాడు. తనను తక్కువ కులమని వాదించే బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు, సృష్టి మొత్తాన్ని లెక్క చెప్పి నోరు కట్టేస్తాడు. రజకులకు మడేలు పురాణం, యాదవులకు మందెచ్చులవారి కథలు, ముదిరాజులకు కాకిపడగలవారి కథలు ఉన్నాయి. ఒక్కో కులానికి తన పుట్టుకను గౌరవంగా చెప్పే కథ ఒకటి, ఆ కథ చెప్పే కళాకారుల కులం ఒకటి. చిందు ఎల్లమ్మ వంటి మహా కళాకారిణి ఈ సంప్రదాయం నుంచే వచ్చింది. గ్రంథాలు తమకు రాసిపెట్టిన పుట్టుకను ఈ కులాలు రాత్రి కచేరీల్లో కొట్టిపారేశాయి.

ఊరు కూడా ఒక మేరకు నవ్వును అనుమతించింది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఎవరినైనా ఏదైనా అనవచ్చు. పగటివేషాల్లో సోమయాజులు, సోమిదేవమ్మల వేషం కట్టి ఆచారాన్ని అల్లరి పెట్టవచ్చు. దీన్ని చూపి మన పల్లెల్లో అందరూ అందరినీ నవ్వుకున్నారని చెప్పేవారున్నారు. ఆ వాదన సగం దగ్గర ఆగిపోతుంది. వేషం విప్పాక ఆ కళాకారుడు మర్నాడు జోలె పట్టుకుని అదే గుమ్మం ముందు నిలబడాలి. అన్న మాటకు పెద్దలు కోప్పడకపోతే గింజలు, కోప్పడితే ఖాళీ జోలె. నవ్వించే అనుమతి వేరు, నవ్వే హక్కు వేరు. అనుమతి ఇచ్చినవాడు దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాడు.

ఆధునిక దళిత ఉద్యమం చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఈ అనుమతిని హక్కుగా మార్చడం. దానికి అది మాటనే ఆయుధంగా పట్టుకుంది. 1917లో బెజవాడలో ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజన సభగా తలపెట్టిన సభను భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చారు. ‘పంచమ’ అంటే అయిదోది. ‘ఆది’ అంటే మొదటిది. ఒక్క మాట మార్పుతో వరస చివరి మనిషి వరస మొదటికి వచ్చాడు. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాశారు. కాళిదాసు యక్షుడికి మేఘం దూత అయితే, జాషువా కథానాయకుడికి అపశకునమని అందరూ విదిలించే గబ్బిలం దూత. మనిషికి ప్రవేశం లేని గుడిలో గబ్బిలానికి ప్రవేశం ఉంది. ఇంతకంటే పదునైన హాస్యం, ఇంతకంటే చేదైన హాస్యం తెలుగులో ఎక్కడుంది? 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం ‘దండోరా’ అని పేరు పెట్టుకుంది. అంతవరకు పెద్దల ఆజ్ఞను ఊరికి చాటడానికి మోగిన డప్పు అప్పుడు తన మాట తాను చాటుకుంది.

అంబేడ్కర్ కూడా పోలిక విలువ తెలిసిన మనిషి. 1920లో ‘మూక్‌నాయక్’ తొలి సంచికలో హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చారు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ప్రజాస్వామ్యం ఈ నేలమీద పైపైన చల్లిన ఎరువు మాత్రమేనని, నేల స్వభావం అప్రజాస్వామికమని హెచ్చరించారు. సేద్యం తెలిసిన ఎవరికైనా ఆ మాట ఒక్కసారికే అర్థమవుతుంది. నేల మారకుండా పంట మారదు.

ఆ నేల ఇవాళ ఎలా ఉందో తెలియాలంటే కళాశాల క్యాంటీన్‌లో ఒక గంట కూర్చుంటే చాలు. అక్కడ ఎవరూ కులం అడగరు, ర్యాంకు అడుగుతారు. ర్యాంకు చెప్పగానే ఒక చిరునవ్వు. ఆ చిరునవ్వే కులం అడగడం. రిజర్వేషన్ విద్యార్థులను ‘గవర్నమెంటు అల్లుళ్లు’ అనడం మరో ప్రసిద్ధ సరదా. ఈ పోలికను ఒకసారి విప్పి చూడండి. అల్లుడు అంటే అత్తవారింట పని చేయకుండా కూర్చుని తినేవాడని భావం. ఎవరి తాతలు కూలి లేకుండా వెట్టి చేశారో వారి మనవలకు ఈ పేరు. కట్నం లెక్కపెట్టి పుచ్చుకుని అసలైన అల్లుడి మర్యాదలు అందుకునే వర్గాల నుంచి ఈ జోకు రావడం ఇందులోని రెండో జోకు. దాన్ని ఎవరూ నవ్వుకోరు. తెలంగాణ పల్లెల్లో వెట్టి మనిషి ప్రాణభయంతో పలికిన ‘నీ బాంచెన్, కాల్మొక్త’ సైతం ఇవాళ స్నేహితుల మధ్య చిన్న సాయం అడగడానికి వాడే సరదా మాట. ఆ మాటను నోటి నుంచి తుడిపేయడానికి 1946 నుంచి 1951 దాకా ఎంతమంది ప్రాణాలిచ్చారో తెలిసినవారు దాన్ని అంత తేలికగా పలకలేరు.

నా విద్యార్థి ఒకడు తన కులం ఎవరికీ చెప్పకుండా రెండేళ్లు హాస్టల్లో గడిపాడు. గదిలో రిజర్వేషన్లమీద జోకులు పడేటప్పుడు నువ్వేం చేసేవాడివని అడిగాను. ‘అందరికన్నా గట్టిగా నేనే నవ్వేవాణ్ణి సార్. నవ్వకపోతే గుర్తుపడతారు’ అన్నాడు. జోకు ఎవరినీ ఏమీ చేయదని వాదించేవారు ఈ ఒక్క వాక్యానికి జవాబు చెప్పాలి. దెబ్బ తిన్నవాడు ఏడవడం అన్యాయం. దెబ్బ తిన్నవాడు కొట్టినవాడితో కలిసి నవ్వవలసి రావడానికి ఏం పేరు పెట్టాలి?

చట్టం ఇక్కడ ఎంతవరకు వస్తుంది? 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కులం పేరుతో అవమానించడాన్ని, దూషించడాన్ని నేరంగా ప్రకటించింది. అయితే అది ‘ప్రజల దృష్టిలో పడే చోట’ జరగాలి. బయటివారెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఆ నిబంధన కిందికి రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హాస్టల్ గదికి నాలుగు గోడలున్నాయి. కార్యాలయంలో భోజనాల బల్ల చుట్టూ కూర్చునేది స్నేహితులే. పైగా జోకులో కులం పేరు ఉండదు, సూచన ఉంటుంది. యూజీసీ 2012 నాటి సమానత్వ నిబంధనలు తరగతిలో విద్యార్థుల కులాన్ని ప్రకటించడాన్ని, వెనుకబాటుకు కులాన్ని కారణంగా చూపి కించపరచడాన్ని వివక్షగా గుర్తించాయి. సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నాయి. తమ సంస్థలో ఆ అధికారి ఎవరో ఎంతమంది విద్యార్థులు చెప్పగలరు? ఈ నిబంధనలు అమలు చేయించుకోవడం విద్యార్థి సంఘాల మొదటి పని కావాలి. కానీ ప్రతి నవ్వునూ పోలీసు స్టేషన్‌కు నడిపించలేం. నడిపించకూడదు కూడా.

అలాగని జోకులు నిషేధించమని అడగడం లేదు. నవ్వు లేని సమాజం సమాన సమాజం కాదు, అది పెద్దమనుషుల పంచాయితీ. నేను అడిగేది ఒక్క పరీక్ష. వేసిన జోకు తిరిగి రాగలదా? నేను నీమీద వేసినట్టే, నువ్వు అదే చోట, అంతే గట్టిగా, నీ ఉద్యోగానికీ మార్కులకూ అద్దె ఇంటికీ భయం లేకుండా నామీద వేయగలవా? వేయగలిగితే అది స్నేహం. వేయలేకపోతే అది హాస్యం వేషం వేసిన అధికారం. ‘అందరిమీదా జోకులున్నాయి’ అనే వాదన ఈ పరీక్ష ముందు నిలబడదు.

ఈ పరీక్షను దళిత బహుజనులమైన మనం మనకు కూడా పెట్టుకోవాలి. అంచెలంచెల అసమానతలో నవ్వు కూడా మెట్లు దిగుతుంది. మనకు జాంబపురాణం చెప్పే డక్కలివారిమీద మన పల్లెల్లో ఎలాంటి మాటలున్నాయో మనకు తెలుసు. మాల, మాదిగల మధ్య, బీసీ కులాల మధ్య చెలామణిలో ఉన్న వెక్కిరింతలు మనకు తెలుసు. కులం ఏదైనా ఆడవాళ్లమీద వేసే జోకులకు గది మొత్తం ఏకమవుతుందనీ తెలుసు. మన మీదికి దిగినప్పుడు గుర్తుపట్టిన మెట్టును మన కింద ఉన్నప్పుడు కూడా గుర్తుపట్టాలి.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. తరగతిలో అలాంటి జోకు పడ్డప్పుడు అధ్యాపకుడి మౌనం కూడా ఒక ఓటేనని గుర్తుంచుకోవాలి. స్నేహితుల మధ్య పడ్డప్పుడు కోపం తెచ్చుకోనక్కర్లేదు. ‘ఇందులో నవ్వు ఎక్కడుందో కాస్త విప్పి చెప్పు’ అని అడిగితే చాలు. విప్పి చెబితే బతికే జోకు మంచి జోకు. కులం ఆధారంగా నిలబడ్డ జోకు వివరణ మొదలుపెట్టగానే చచ్చిపోతుంది, చెప్పేవాడి ముఖమే దానికి సాక్ష్యం. ఆ ప్రశ్న అడగవలసిన బాధ్యత కూడా నొచ్చుకున్నవాడిది కాదు, పక్కన కూర్చున్నవాడిది. సాహిత్యం బోధించేవారు దళిత రచనల నుంచి వేదన ఒక్కటే ఏరి చూపించడం మానాలి. గోగు శ్యామల కథల సంపుటికి ‘ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం’ అనే సామెతే పేరు. ఒక సామెతను దాని అసలు యజమానులు తిరిగి చేతిలోకి తీసుకుంటే ఎలా ఉంటుందో ఆ పేరు చెబుతుంది. ఆ కథల్లోని చతురతను, వెటకారాన్ని, ఒడుపును పాఠంగా చెప్పాలి.

ఒక భాషకు నుడికారం ఇచ్చినవారికి ఆ భాషలో జవాబు చెప్పే చోటు ఉండాలి. రేవులో, మగ్గంమీద, లందలో పుట్టిన పోలికలతో ఇన్నాళ్లూ మాట్లాడాం. ఆ పోలికలు పుట్టించినవారు ఇప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు. వారి నవ్వు మనమీదికి వచ్చినప్పుడు ‘సరదాకే కదా’ అని తీసుకోగల గుండె మనకు ఉందా లేదా అన్నదే మన ప్రజాస్వామ్యం ఎంత లోతున వేళ్లూనిందో చెప్పే కొలత.